ఖాళీ అరల పటం

లైబ్రరీ, కింది హాలు
ఫిబ్రవరి

అక్కా,

ఫోన్లు పనిచేయని చోట ఉద్యోగం వెతుక్కున్నావు కాబట్టి నాకు ఉత్తరాలు రాయడం అలవాటైంది. స్కూల్లో సిస్టర్ "నోరు తెరిచి చెప్పు" అని బెత్తం బల్ల మీద కొడితే, నేను పలక మీద రాసి చూపించేదాన్ని. ఇప్పుడూ అంతే. నోటితో చెప్పలేనివి నీకు రాస్తాను.

ఈసారి నన్ను ఒక యూనివర్సిటీకి పంపారు. భవనాలన్నిటిలో వైఫై పెట్టెలు ఎక్కడెక్కడ పెట్టాలో పటం గీయాలి. పెట్టె అంటే సీలింగుకి తగిలించే తెల్లటి పళ్ళెం లాంటిది, నువ్వు చూసే ఉంటావు. ఒకదాన్ని పొడుగాటి కర్రకి కట్టి నిలబెట్టి, లాప్‌టాప్ పట్టుకుని దాని చుట్టూ గది గదీ తిరుగుతాను. సిగ్నల్ బాగా ఉన్నచోట పటం ఆకుపచ్చగా అవుతుంది, తగ్గినచోట పసుపు, లేనిచోట ఎరుపు. ఎన్ని పెట్టెలు పెడితే అంత మంచిది కదా అంటారు చూసేవాళ్ళు. కాదు. దగ్గరదగ్గరగా పెడితే ఒకే గదిలో అందరూ ఒకేసారి మాట్లాడినట్టు ఉంటుంది, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఎవరు ఎక్కడ నోరు మూసుకోవాలో నిర్ణయించడమే ఇందులో సగం పని. నాకు ఈ ఉద్యోగం ఎందుకు నచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

లైబ్రరీ చాలా అందంగా ఉంది. పొడవాటి హాలు, రాతి నేల. మధ్యలో దారి. దారికి రెండు పక్కలా నిలువెత్తు అరల వరసలు. రెండు వరసల మధ్య ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కిటికీ. వీటిని ఇక్కడ గూళ్ళు అంటారు. అలాంటి గూట్లో కూర్చోబెట్టి, భోజనం వేళకి పిలిస్తే చాలు, నేను జీవితమంతా గడిపేస్తాను.

కానీ ప్రస్తుతం ఒక్క పుస్తకం లేదు. అరలకి రంగులు వేస్తున్నారని అన్నిటినీ వ్యాయామశాలకి తరలించారు. పుస్తకాలు లేని లైబ్రరీ పళ్ళు పీకిన నోరులా ఉంది. నేను మాట్లాడకపోయినా నా అడుగుల చప్పుడు తిరిగొచ్చి నన్ను పలకరిస్తోంది.

మధ్య దారి పైన సీలింగుకి వరసగా పెట్టెలు పెడితే సరిపోతుంది. సిగ్నల్ రెండు పక్కలా గూళ్ళలోకి హాయిగా వెళ్ళిపోతోంది. పటమంతా పచ్చగా వచ్చింది. మా మేనేజర్ చూసి, "ఇంత పచ్చటి పటం నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. లైబ్రేరియన్ మేడం మాత్రం ఒక ప్రశ్న అడిగారు: "మా పుస్తకాలు వచ్చాక కూడా ఇంతేనా అమ్మా?" నేను తల ఊపాను. కొత్తవాళ్ళు ఏదడిగినా తల ఊపేస్తానని నీకు తెలుసుగా.

నీ
పిల్లి


నిశ్శబ్ద మండలం, సిబ్బంది క్వార్టర్లు
ఫిబ్రవరి చివర

ఒసేయ్ పిల్లీ,

పోస్టు జీపు నీ ఉత్తరం తెచ్చింది. పళ్ళు పీకిన నోరు దగ్గర గట్టిగా నవ్వేశాను. "ఏంటమ్మా అంత నవ్వు?" అన్నారు మా సైంటిస్టు గారు. "మా చెల్లెలండీ, మీ శత్రువు" అన్నాను. నిజమే కదే. నువ్వు సిగ్నళ్ళు నాటే దానివి, నేను పీకే దాన్ని.

ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళకి నేనిలా చెప్తుంటాను: రేడియో టెలిస్కోపులనే ఆ పెద్ద పెద్ద గిన్నెలు ఆకాశంలోంచి వచ్చే సన్నటి గుసగుస వింటున్నాయి, వాటి పక్కన ఎవరూ దగ్గకూడదు. ఫోను వద్దు, వైఫై వద్దు, పెట్రోలు బండి కూడా వద్దు, అది స్పార్కు కొడుతుంది. అయినా ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. నెత్తిన యాంటెన్నా పెట్టుకున్న డీజిల్ జీపులో నేను ఆ దగ్గు ఎక్కడిదో వెతుక్కుంటూ తిరగాలి.

పోయినవారం ఏం జరిగిందో చెప్తాను విను. భోజనాల వేళ అవగానే యాంటెన్నాలో ఒక రొద. మోటార్లన్నీ చూశాను, కంచె తీగలు చూశాను, దొరకదే! ఆఖరికి ఎక్కడ దొరికింది? మా సైంటిస్టు గారింట్లోనే. వాళ్ళావిడ బట్టల బీరువాలో మైక్రోవేవ్ ఓవెన్ దాచుకుంది. ఆయన పేరే రాసి రిపోర్టు ఇచ్చాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత చల్లటి అన్నం తింటూ ఆయనే నవ్వారు. కంచే చేను మేస్తే ఊరుకుంటానా?

నీకో పని. రేడియో తరంగాల మీద పాత పుస్తకం ఏదైనా కొని పంపు. లెక్కలు విడమర్చి చేసి ఉన్నది కావాలి. ఇక్కడ ఒకావిడ చదువుకుంటోంది. బుర్ర కాస్త మందం, తేలిగ్గా ఉన్నది చూడు.

వేళకి తిను. తల ఊపడం తగ్గించు. మెడ పడుతుంది.

అక్క


మేనేజర్ గది బయట వరండా
మార్చి

అక్కా,

పుస్తకం పంపాను, ఎవరో పెన్సిలుతో లెక్కలన్నీ చేసి పెట్టినది. ఆవిడకి ఇంకేమైనా కావాలంటే అడగమను.

సీలింగుకి పెట్టెలు బిగించేశారు. పని పూర్తయిందనే పత్రం మీద నా సంతకం కూడా పెట్టించారు. ఇంతవరకూ నా సంతకం జీతం రిజిస్టరు మీద తప్ప ఎక్కడా పనికిరాలేదు. గర్వంగానే అనిపించింది.

లైబ్రరీలోకి పుస్తకాలు తిరిగొస్తున్నాయి. తోపుడు బళ్ళ మీద, గుట్టలు గుట్టలుగా. రంగు వాసనా, పాత కాగితం వాసనా కలిసిపోయాయి. నేను ఇప్పుడు పక్క భవనంలో కొలుస్తున్నాను. లైబ్రరీ గురించి ఇంక దిగులు లేదు.

నీ పిల్లి


లైబ్రరీ, ఆఖరి గూడు
ఏప్రిల్

అక్కా,

నిన్న సాయంత్రం లైబ్రరీకి వెళ్ళాను. పని మీద కాదు, చదువుకోవడానికి. ఒక నవల తీసుకుని గూట్లో కూర్చున్నాను. చుట్టూ పుస్తకాలు, కిటికీలోంచి ఎండ. తెలియని మాట ఒకటి వస్తే చూద్దామని లాప్‌టాప్ తెరిచాను. పేజీ రాలేదు, సిగ్నల్ లేదు.

నా సీటు మార్చాను. పక్క గూటికి వెళ్ళాను. అక్కడా లేదు. కొలిచే ప్రోగ్రాము పెట్టి హాలంతా నడిచాను. మధ్య దారి పచ్చగానే ఉంది. రెండు పక్కలా గూళ్ళన్నీ ఎరుపు.

పుస్తకాలు, అక్కా. చొక్కాకి చొక్కా తగిలేలా నిలబడ్డ జనంలా కాగితాలు దట్టంగా ఉన్నాయి. వాటిలోంచి సిగ్నల్ ఎలా పోతుంది? నేను ఖాళీ అరలు కొలిచాను. గోడలు దేనివి అని ప్రోగ్రాము అడిగితే ఇటుక, అద్దం, రాయి అని చెప్పాను. అరల దగ్గర ఇనప చట్రం అని రాశాను. లోపల ఏం ఉంటుందో రాయలేదు. లోకంలో ఇంకెవరు మర్చిపోయినా ఒక అర్థం ఉంది. పుస్తకాలని మర్చిపోయింది నేను!

మేడం అడిగారు కూడా. నేను తల ఊపాను.

ఇంతవరకూ ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇప్పుడు సెలవులు. కానీ జూన్‌లో టెక్నీషియన్ల అర్హత పరీక్ష ఇక్కడే. ఊళ్ళో ఇంత పెద్ద హాలు ఇంకోటి లేదట. రాతి నేల తవ్వి తీగలు వేయనివ్వరు కాబట్టి లాప్‌టాప్‌లు పెట్టి వైఫై మీదే రాయిస్తారు. మూడు గంటల పరీక్ష. మధ్యలో సిగ్నల్ పోతే రాసింది పోతుంది. గూట్లో కూర్చున్నవాళ్ళకి అసలు ప్రశ్నే కనపడదు.

అన్నం సహించడం లేదు. ఏం చేయను?

నీ పిల్లి


నిశ్శబ్ద మండలం
ఏప్రిల్

పిల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ముందు ఒకటి చెప్పు. ఎవరికైనా చెప్పావా? చెప్పకు. నీ సంతకం ఉంది. చెప్తే పోయేది నీ ఉద్యోగం, మీ మేనేజర్‌ది కాదు. చప్పుడు చేయకుండా బాగుచెయ్యి. తాళం చెవి నీ దగ్గరే ఉంది, నిచ్చెన ఉంది, సెలవులు ఉన్నాయి. ఇంకేం కావాలి?

ఇంకో సంగతి. పుస్తకాలొక్కటే కాదు. మనుషులు కూడా అడ్డమే. మనిషంటే నీళ్ళ బస్తా. మా గిన్నెలకి మేఘం అడ్డొచ్చినా తెలుస్తుంది. హాలు నిండా జనం కూర్చుంటే నీ పచ్చరంగు ఇంకా వాడిపోతుంది. అది కూడా చూసుకో. అంతమందిని తెచ్చి కూర్చోబెట్టలేవు కాబట్టి కుర్చీకో నీళ్ళ క్యాను పెట్టి కొలువు.

ఆ హాల్లో కుర్చీలు మొత్తం నిండుతాయా? ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరు నిర్ణయిస్తారు? ఊరికే అడిగాను.

అక్క


లైబ్రరీ, వెనక గది
మే

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఎవరికీ చెప్పకుండా చేశాను. ముందు పెట్టెల శక్తి పెంచాను. గూళ్ళలోకి వెళ్ళలేదు సరికదా, మధ్య దారిలో ఒకదానిమీద ఒకటి అరుచుకోవడం మొదలుపెట్టాయి. ఉన్నదీ పోయింది. మళ్ళీ తగ్గించాను.

తర్వాత నీళ్ళ క్యాన్లు. ఆదివారం పొద్దున్నే క్యాంటీన్ నుంచి తోపుడు బండి మీద తెచ్చుకున్నాను. కుర్చీకి ఒకటి. మూతలు బిగించి, నిండుగా, వరసగా కూర్చోబెట్టాను. నడుం విరిగిపోయింది. సగంలో ఉండగా లైబ్రేరియన్ మేడం వచ్చారు. ఆదివారం రారనుకున్నాను. గుమ్మంలో నిలబడి అందరినీ చూశారు.

"ఎవరమ్మా వీళ్ళంతా?"

నాకు అబద్ధం తోచలేదు. "పరీక్ష రాసేవాళ్ళండీ."

"బుద్ధిమంతుల్లా ఉన్నారే. ఒక్కరూ మాట్లాడ్డం లేదు." ఒక క్యాను మూత తట్టి, "ఫలితం ఎలా ఉంది?" అన్నారు.

నేను లాప్‌టాప్ తిప్పి చూపించాను. మధ్య దారి కూడా పసుపు. మిగతాదంతా ఎరుపు. ఆవిడ కొంగు బిగించి, నాతో పాటు క్యాన్లు దింపడం మొదలుపెట్టారు. అది తిట్టినదానికంటే కష్టంగా ఉంది.

ఇంక ఆగలేక మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. నిన్ను అడగకుండా వెళ్ళినందుకు కోప్పడకు.

"సార్, లైబ్రరీ గూళ్ళలో సిగ్నల్ లేదు."

"ఎవరు కంప్లెయింట్ ఇచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. నేనే చూశాను."

"నువ్వు ఎవరి ఉద్యోగివమ్మా? మన కంపెనీదానివా, వాళ్ళదానివా?"

"పరీక్ష ఉంది సార్."

"పరీక్ష రోజు కరెంటు పోవచ్చు, సర్వర్ పడుకోవచ్చు, పిడుగు పడొచ్చు. అన్నిటికీ మనమే పూచీయా? పత్రం మీద సంతకం ఎవరిది?"

"నాది సార్."

"కదా. మరి నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చో. నీకలవాటేగా."

బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగానే ఉంది. మెట్లెక్కి వెళ్ళి చెప్పెయ్యాలి. చెప్పెయ్యనా అక్కా? నువ్వు ఊఁ అంటే రేపే వెళ్తాను.

నీ పిల్లి


నిశ్శబ్ద మండలం
మే

పిల్లీ,

వద్దు.

రిజిస్ట్రార్‌కి చెప్తే ఏం చేస్తాడు? పరీక్ష వాయిదా వేస్తాడు. వాయిదా అంటే మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. నీకేం, పాపం చెప్పుకుని తేలికపడతావు. అవతల ఈ ఏడాది లోపల ఆ సర్టిఫికెట్ చూపించకపోతే ఉన్న ఉద్యోగం ఊడి, ఉన్న గది ఖాళీ చేసి రోడ్డున పడేవాళ్ళుంటారు. వాళ్ళ సంగతి ఆలోచించావా? పుస్తకాల్లో మనుషుల కోసం ఏడుస్తావే, బయటి మనుషుల గురించి నీకేం తెలుసు?

ఏదో ఒకటి చేసి బాగుచెయ్యి. చెప్పకు.

అక్క


లైబ్రరీ, వెనక గది
మే

అక్కా,

ఇది నువ్వు రాసిందేనా అని చేతిరాత చూసుకున్నాను.

నీ పైఅధికారి బీరువాలోంచి ఓవెన్ బయటికి లాగి పేరు రాసినదానివి నువ్వు. ఇప్పుడు నన్ను తేలు కుట్టిన దొంగలా ఊరుకోమంటున్నావు. వాయిదా పడితే కొందరు నష్టపోతారు, నిజమే. పడకపోతే గూళ్ళలో కూర్చున్నవాళ్ళందరూ నష్టపోతారు. ఖాళీ తెర వైపు చూస్తూ మూడు గంటలు. వాళ్ళ తప్పని అందరూ అంటారు. వాళ్ళు కూడా అలాగే అనుకుంటారు. నాకు నిద్రలో ఆ కుర్చీలే కనిపిస్తున్నాయి. వాటిలో క్యాన్లు ఉండవు, మనుషులుంటారు, మొహాలు మాత్రం కనిపించవు.

సర్టిఫికెట్, గది ఖాళీ చేయడం. ఇవన్నీ నీకెలా తెలుసు? పుస్తకం అడిగిన ఆవిడ రాస్తోందా ఈ పరీక్ష? ఆవిడ కోసమేనా నువ్వు ఇంత గట్టిగా చెప్తున్నది? అంత ఇష్టమైన మనిషి అయితే ఆవిడకి నిజం చెప్పు. చెప్పి, నేనేం చేయాలో ఆవిడనే అడుగు. ఆవిడ ఊరుకోమంటే ఊరుకుంటాను.

నీ మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. ఇలా ఉంటుందని తెలియదు.

పిల్లి


నిశ్శబ్ద మండలం
మే చివర

పిల్లీ,

ఆవిడని అడిగాను. ఆవిడ ఊరుకోమనలేదు. వెళ్ళి చెప్పమంది.

ఆవిడ నేనే. బుర్ర మందం అన్నప్పుడైనా నీకు అనుమానం రావద్దటే?

ఇక్కడ నాది తాత్కాలిక ఉద్యోగం. ఈ ఏడాది దాటేలోగా ఆ పరీక్ష ప్యాసైతే ఉంచుతారు, లేకపోతే జీపు తాళం ఇచ్చేసి పోవడమే. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తప్పాను. నీకు చెప్పలేదు. నీకెలా చెప్పను, నువ్వు స్కూల్లో మార్కులు ఎన్నని అడిగితే నోరు విప్పేదానివి కాదు, కానీ కార్డు మీద ఎప్పుడూ మొదటి ర్యాంకే. ఈసారి ప్యాసయ్యాకే చెబుదామనుకున్నాను. తీరా హాల్ టికెట్ వచ్చింది. చూస్తే నీ లైబ్రరీ.

నీ వద్దకి రావచ్చుగా అంటావు. తెలుసు. కట్టుకున్న ఆ మనిషి ఇంట్లోంచి బయటికొచ్చిన తర్వాత ఎవరి గుమ్మంలోనూ సంచీ పట్టుకుని నిలబడకూడదనుకున్నాను. నీ గుమ్మమైనా సరే. ఇక్కడ పొద్దున లేస్తే ఒక్క ఫోనూ మోగదు. ఎవరూ పేరు పెట్టి అరవరు. ఆ గిన్నెలు నా గురించి పట్టించుకోవు, వాటి పని వాటిది. నాకు ఇది ఇల్లు. అందుకే వాయిదా అనగానే కళ్ళు మూసుకుపోయి నీకు అలా రాశాను. నీ ఉద్యోగం అన్నాను, ఎవరి బతుకులో అన్నాను. అంతా నా గొడవే.

నీ ఉత్తరంలో మొహాలు కనిపించడం లేదన్నావు చూడు. అక్కడ ఆగిపోయాను. రెండోసారి చదవలేకపోయాను.

వెళ్ళి చెప్పు. వాయిదా వేస్తే వేయనీ.

నా సీటు ఎక్కడో హాల్ టికెట్ మీద ఉంది. నీకు చెప్పను. చెప్తే ముందు ఆ మూలకే నిచ్చెన వేస్తావు, నాకు తెలుసు. అన్ని కుర్చీల్లోనూ మీ అక్కే కూర్చుందనుకుని పని చెయ్యి. ఒకవేళ పరీక్ష జరిగితే, ఆ రోజు నన్ను వెతకొద్దు. నువ్వు కనిపిస్తే నేర్చుకున్నదంతా మర్చిపోతాను.

అక్క


లైబ్రరీ, ఆఖరి గూడు
జూన్

అక్కా,

చెప్పాను.

రాసుకుని వెళ్ళాను, కాగితం చేతికిద్దామని. రిజిస్ట్రార్ గారు కళ్ళజోడు మర్చిపోయారట. "నువ్వే చెప్పమ్మా" అన్నారు. గదిలో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. సిస్టర్ బెత్తం గుర్తొచ్చింది. చెప్పాను. ఖాళీ అరలు కొలిచాననీ, సంతకం నాదేననీ, మేడం అడిగితే తల ఊపాననీ. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

"అయితే వాయిదా వేయమంటావా?" అన్నారు.

వద్దు సార్ అని నోటిదాకా వచ్చింది. నువ్వే వచ్చి నాలుక మీద కూర్చున్నావు. అనలేదు. "అది మీరు నిర్ణయించాలి సార్. బాగుచేయడానికి ఒక దారి మాత్రం ఉంది. మీ కారిడార్‌లో పెట్టిన పెట్టెలు నాకు కావాలి."

"మరి నా గదిలో?"

"నెట్ పోతుంది సార్."

"అయితే ఫైళ్ళు చదువుతాను" అన్నారు. పరీక్ష ముందు రోజు సాయంత్రం నీళ్ళ క్యాన్లు పెట్టి కొలవాలి, ప్రతి కుర్చీ పచ్చగా రావాలి, ఒక్కటి ఎర్రగా ఉన్నా వాయిదా. అదీ షరతు.

నేను గదికి తిరిగొచ్చేసరికి మేనేజర్ ఫోను. రేపటినుంచి రావక్కర్లేదన్నారు. సరే సార్ అన్నాను. ఆయన ఇంకా తిడదామనుకున్నట్టున్నారు, ఆ మాటతో ఫోను పెట్టేశారు. ఇప్పుడు నేను యూనివర్సిటీకి ఏమీ కాను. మేడం తన పూచీ మీద లోపలికి రానిస్తున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ అడిగితే, "మా పుస్తకాల పురుగు, మందు కొట్టినా పోదు" అన్నారట.

దారి ఏమిటంటే, ఇంతవరకూ పుస్తకాలతో పోట్లాడాను. అది మానేశాను. సీలింగు పెట్టెల్నీ, కారిడార్‌వాటినీ దింపి ఒక్కో గూట్లోకి తెచ్చి, అర అంచుకి, బల్ల దగ్గరగా కట్టాను. శక్తి బాగా తగ్గించాను. ఇప్పుడు పుస్తకాలే గోడలు. ఒక గూటి మాట పక్క గూటికి వినపడదు, ఒకరి మీద ఒకరు అరుచుకోరు. ఎవరి గూట్లో వాళ్ళు గుసగుసగా మాట్లాడుకుంటారు. ఇది మొదటిరోజే తోచాల్సింది. చేతులు కాలాక పట్టుకునే ఆకులు ఎంత పచ్చగా కనిపిస్తాయో!

ఈరోజు సాయంత్రం క్యాన్లు కూర్చోబెట్టాం. గూళ్ళు ఒక్కొక్కటీ పచ్చబడుతుంటే మేడం నా వెనకే నడుస్తూ ప్రతి గూటి దగ్గరా "ఊఁ" అన్నారు. ఆఖరి గూటి దగ్గర ఊఁ అనలేదు. దానికి పెట్టె లేదు. అడ్డంగా రాతి దూలం ఉంది, పెట్టెకి రావాల్సిన తీగ అక్కడికి అందదు. పక్క గూటి పెట్టె నుంచే రావాలి. మధ్యలో నిండు అర. ఎరుపు.

ఆ నాలుగు కుర్చీలు ఇంకెక్కడైనా వేద్దామంటే హాల్లో సందు లేదు. రిజిస్ట్రార్ గారు వచ్చే వేళయింది. నేను ఆ క్యాన్ల ముందు నేల మీద కూర్చుండిపోయాను. వాటిలో ఒకటి నువ్వు కావచ్చు. కాకపోవచ్చు. నువ్వు చెప్పి ఉంటే బాగుండేదని ఒక క్షణం అనుకున్నాను. చెప్పనందుకు తర్వాత దణ్ణం పెట్టుకున్నాను.

మేడం అన్నారు, "ఫిబ్రవరిలో ఇక్కడ పచ్చగానే వచ్చిందన్నావుగా?"

"అప్పుడు అరలు ఖాళీగా ఉన్నాయండీ."

"అయితే ఖాళీ చేద్దాం పద."

అన్ని గూళ్ళకీ అలా చేయలేం, వ్యాయామశాలలో ఇప్పుడు ఆటలు మొదలైపోయాయి, పుస్తకాలు పెట్టే చోటు లేదు. కానీ ఒక్క వరసకి మేడం గది చాలు. ఇద్దరం చీర కొంగుల్లో, చున్నీలో, చేతులనిండా మోశాం. నా జీవితంలో పుస్తకాల్ని ఇంత తొందరగా ఎప్పుడూ వదిలించుకోలేదు. ఒక సన్నటి పుస్తకం మాత్రం రాలేదు. రంగు ఆరకముందే ఎవరో పడుకోబెట్టేశారు, అట్ట అరకి అంటుకుపోయింది. లాగితే చిరుగుతుందని మేడం వదిలేయమన్నారు. అది ఒక్కటే మిగిలింది అర మొత్తానికి.

కొలిచాను. పచ్చగా వచ్చింది. నేను గీసిన మొదటి పటంలో నిజమైనది ఈ ఒక్క గూడే.

రిజిస్ట్రార్ గారు వచ్చి క్యాన్లని చూసి, "వీళ్ళకి హాల్ టికెట్లు ఇచ్చారా?" అని నవ్వి సంతకం చేశారు. పరీక్ష రేపే. ఈ ఉత్తరం నువ్వు తిరిగి వెళ్ళాక చేరుతుంది. రేపు లోపలికి నన్ను రానివ్వరు. గేటు బయట ఉంటాను. నిన్ను వెతకను. కానీ ఉంటాను.

మధ్యలో ఏదైనా ఆగిపోతే కదలకుండా కూర్చో. లేచి వెళ్ళిపోకు. అది ఇప్పుడు నీకు చెప్పలేను కదా, అయినా రాస్తున్నాను.

నీ పిల్లి


నిశ్శబ్ద మండలం
జూన్

ఒసేయ్ పిల్లీ,

నువ్వు గేటు దగ్గర నిలబడ్డావు. చున్నీ కొస నములుతున్నావు, చిన్నప్పటిలాగే. చూశాను. పక్క గేటులోంచి వెళ్ళి బస్సెక్కాను. తిట్టుకో. నా మొహం చూస్తే నేనెలా రాశానో నీకు తెలిసిపోతుంది. నాకే ఇంకా తెలియనిది నీకు ముందు తెలియడం ఎందుకు?

ప్రశ్నలు కష్టంగానే ఉన్నాయి. తరంగాల లెక్క ఒకటి నీ పెన్సిలు పుస్తకంలోదే వచ్చింది. ఇంకోటి ఎక్కడినుంచి వచ్చిందో అడిగినవాడికే తెలియాలి. మధ్యలో ఒకసారి తెర ఆగిపోయింది. లేచి చెయ్యెత్తబోయాను. ఏమనిపించిందో మళ్ళీ కూర్చుండిపోయాను. అదే వచ్చింది. నేను రాసింది పోలేదు. నువ్వు కదలొద్దని రాసిన ఉత్తరం ఇవాళ చదివాను.

ప్యాసైతే రాస్తాను. కాకపోతే సంచీ పట్టుకుని నీ గుమ్మంలో నిలబడతాను. నీకూ ఉద్యోగం లేదుగా, ఇద్దరం కలిసి ఎవరి ఇంట్లో ఓవెన్ దాచారో వెతుక్కుందాం.

నా సీటు ఎక్కడో ఇప్పటికీ చెప్పను. కానీ ఒకటి అడగాలి. మూడు గంటలూ, ఆలోచన తెగినప్పుడల్లా తలెత్తితే ఎదురుగా అదే కనిపించింది, ఖాళీ అరలో పడుకుని ఉన్న ఆ సన్నటి పుస్తకం. రంగు అంటుకుని పేరు కనపడలేదు. అది ఏం పుస్తకమే? కనుక్కుని రాయి.

అక్క